వెడల్పు పాదాలకు పల్చటి సోల్ బూట్లు సరిపడతాయా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పేరు వేయొద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. వయసు 37, బ్యాంకు ఉద్యోగం. రెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు పొద్దున్నే భద్రకాళి బండ్ మీదో స్టేడియంలోనో 5, 6 కిలోమీటర్లు పరుగెత్తుతున్నారు. ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగే 10 కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలని కోరిక. దానికి ఇంకా అయిదు నెలలుంది. చిక్కంతా బూట్లతోనే. పల్లెలో పెరిగారు, పదో తరగతి దాకా హవాయి చెప్పులు తప్ప వేరే ఎరగరు, పాదం ముందు భాగం బాగా వెడల్పు. ఆడవాళ్ల రన్నింగ్ షూ యూకే 6 కొంటే చిటికెనవేలు ఒరుసుకుని పుండు పడింది. షాపులో చెప్పిన మాట విని యూకే 7 తీసుకుంటే వేళ్లకు కాస్త ఊపిరాడింది కానీ మడమ జారుతోంది, రెండుసార్లు ముందుకు తూలిపడబోయారు. తర్వాత వీడియోలు చూసి రెండు వేల లోపు ధరలో పల్చటి సోల్ ‘బేర్‌ఫుట్’ బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. వేళ్లకు హాయిగా ఉందని మొదటి రోజే 5 కిలోమీటర్లు పరుగెత్తారు. పిక్కలు పట్టేసి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయారు. ఆ నొప్పి పోయింది. కుడి పాదం పైన, రెండో వేలికి వెనకాల, ఒకచోట వేలితో నొక్కితే మాత్రం మూడు వారాలైనా నొప్పి ఉంది.

కొలతలు కూడా పంపారు. కుడి పాదం పొడవు 243 మి.మీ., వెడల్పు 101 మి.మీ.; ఎడమది 240, 98. కుడి బొటనవేలి మొదట్లో చిన్న బొడిపె ఉంది. డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు జూన్‌లో వస్తున్నారు, ఏ బూట్లు కావాలో చెబితే తెస్తానన్నారు. “ఆడదానికి ఇంతింత పాదాలేంటి” అని అత్తగారు అందరి ముందూ అంటుంటే చెప్పులు విప్పడానికే సిగ్గుగా ఉంటోందట. తొమ్మిదేళ్ల కూతురివీ ఇవే పాదాలు. “ఏ బూట్లు కొనమంటారు? పల్చటివి నాకు పనికొస్తాయా, వాటి జోలికి పోవద్దంటారా?” అని అడిగారు.

మీ ప్రశ్న బూట్ల గురించే అయినా, ముందు ఆ కుడి పాదం నొప్పి సంగతి చూడాలి. పిక్కల నొప్పి కండరాలది. కొత్త పని మీద పడితే వస్తుంది, నాలుగైదు రోజుల్లో పోతుంది. పాదం పైన ఎముక మీద ఒకే చోట, వేలి మొనంత జాగాలో, నొక్కితే తెలిసే నొప్పి మూడు వారాలు నిలవడం వేరు. పల్చటి సోల్‌తో ఒక్కసారిగా ఎక్కువ దూరం పరుగెత్తినవాళ్లకు వేళ్ల వెనక ఉండే పొడవాటి ఎముకల్లో, ముఖ్యంగా రెండోదానిలో, సన్నటి బీట వచ్చే అవకాశం ఉంది. మీకు అదే వచ్చిందని ఉత్తరం చూసి చెప్పలేం. రాలేదని తేల్చుకోకుండా పరుగెత్తడం మాత్రం మంచిది కాదు. ఎముకల డాక్టరుకు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ బీట కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్నాక కూడా నొక్కితే నొప్పి అలాగే ఉంటే మళ్లీ తీయించాలా, ఎమ్మారై అవసరమా అని అడగండి. విటమిన్ డి పరీక్ష సంగతీ అదే రోజు అడగండి. బీటే అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఆపాల్సి వస్తుంది. ఈలోగా సైకిలు, ఈత చేసుకోవచ్చు. అలా అయినా ఆగస్టు పరుగు చేజారిపోదు. దాని మీదే పరుగెడుతూ ఉంటే మాత్రం చిన్న బీట పెద్దదై ఎముక పూర్తిగా విరిగి ఈ ఏడాదంతా పోవచ్చు.

ఇక బూట్లు. మీ ఉత్తరంలో రెండు వేరువేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోయాయి. వేళ్లకు చోటు కావాలన్నది మొదటిది. సోల్ ఎంత మందం ఉండాలి, మడమ కింద ఎంత ఎత్తు ఉండాలన్నది రెండోది. పల్చటి సోల్ బూట్లను తయారుచేసేవాళ్లు ముందు భాగాన్ని పాదం ఆకారంలో వెడల్పుగా చేస్తారు కాబట్టి రెండూ ఒకే పెట్టెలో వస్తున్నాయి. మీకు హాయినిచ్చింది ఆ వెడల్పు. మీ పిక్కల్ని, పాదాన్ని దెబ్బతీసింది ఆ పల్చదనం. వెడల్పు కోసం పల్చదనాన్ని భరించాల్సిన అవసరం లేదు. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీకు దారులు చాలా ఉన్నాయి.

యూకే 7 ఎందుకు కుదరలేదో చూద్దాం. యూకే కొలతలో ఒక సైజు పెరిగితే పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మి.మీ. పెరుగుతుంది. పాదం ముందు భాగం చుట్టుకొలత పెరిగేది దాదాపు 6 మి.మీ. అది పైనా కిందా పక్కలా పంచుకుంటే, నేల మీద కనిపించే వెడల్పు పెరిగేది రెండు మూడు మి.మీ. మించదు. మీకు కావలసింది అంతకంటే ఎక్కువ. పైగా బూటుకు ఒక మడత గీత ఉంటుంది, బొటనవేలు పాదంతో కలిసే కీలు సరిగ్గా దాని మీదికి రావాలి. పొడుగు సైజు తీసుకుంటే మీ కీలు ఆ గీతకు వెనక పడుతుంది. బూటు ఒకచోట, పాదం ఇంకోచోట వంగుతాయి. మడమ జారడం, ముందు మిగిలిన భాగం నేలకు తట్టుకోవడం అందుకే. వెడల్పు చాలకపోతే సైజు పెంచమనే సలహా మన షాపుల్లో రోజూ వినిపిస్తుంది. అర సైజు దాకా అది పనిచేస్తుంది, నిండు సైజు పెంచితే ఇలాగే అవుతుంది.

వెడల్పుకు వేరే గుర్తులున్నాయి. అమెరికా పద్ధతిలో ఆడవాళ్ల బూట్లకు మామూలు వెడల్పు ‘బి’, వెడల్పు ‘డి’, మరీ వెడల్పు ‘2ఈ’. మగవాళ్లకు మామూలుదే ‘డి’, వెడల్పు ‘2ఈ’, మరీ వెడల్పు ‘4ఈ’. అంటే ఆడవాళ్ల ‘వెడల్పు’ బూటు మగవాళ్ల మామూలు బూటు అక్షరానికి సమానం. షాపుల్లో ఆడవాళ్ల వైపు అరల్లో ఉండేవి దాదాపు అన్నీ ‘బి’లే. పెట్టె మీద అక్షరం లేకపోయినా ‘బి’ అనే అనుకోవాలి. 243 మి.మీ. పొడవుకు 101 మి.మీ. వెడల్పున్న పాదం అందులో ఇమడదు. తప్పు పాదానిది కాదు, మీ చేతికిచ్చిన బూటుది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 ప్రాంతాల్లో లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని అందులో తేలింది. మనకంటూ ‘భ’ పేరుతో వేరే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. చిన్నప్పుడు ఇరుకు బూట్లలో పెరగని వేళ్లు విచ్చుకుని ఉంటాయి, అది ఆరోగ్యమైన పాదం లక్షణం. అత్తగారికి ఇదంతా చెప్పి వాదించాల్సిన పని లేదు. “అత్తయ్యా, ఈ పాదాలతోనే పది కిలోమీటర్లు పరుగెత్తబోతున్నా, మీరూ చూడ్డానికి రండి” అని పిలవండి. చెప్పులు విప్పడానికి సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు.

మీ కొలతలు ఇంకాస్త వివరంగా కావాలి. సాయంత్రం పూట, వీలైతే నడిచి వచ్చాక కొలవండి. పాదం పగలంతా కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. ఎ4 కాగితం పొడవు 297 మి.మీ., కాబట్టి మీ పాదం దానిలో పడుతుంది. కాగితాన్ని గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేయండి. పెన్సిల్ నిట్టనిలువుగా పట్టుకుని వేరేవాళ్ల చేత చుట్టూ గీయించండి. మీరే వంగి గీసుకుంటే పాదం కదిలి కొలత మారుతుంది. ఇప్పుడు రెండు వెడల్పులు కొలవాలి. ఒకటి బొటనవేలి మొదటి కీలు నుంచి చిటికెనవేలి మొదటి కీలు వరకు. మీరు పంపిన 101 బహుశా ఇదే. రెండోది దానికి ముందు, వేళ్ల దగ్గర, బొటనవేలి బయటి అంచు నుంచి చిటికెనవేలి బయటి అంచు వరకు. వీటితోపాటు పాదం పైవంపు ఎత్తుగా ఉందా, మడమ సన్నగా ఉందా అన్నది కూడా రాసిపెట్టుకోండి.

ఆ రెండో కొలత మీదే ఎంపిక ఆధారపడుతుంది. వేళ్ల దగ్గర కొలత కీళ్ల దగ్గర కొలతకు దాదాపు సమానంగా ఉంటే, అంటే మీ గీత ముందుకు విప్పారి ఉంటే, ‘డి’, ‘2ఈ’ అక్షరాలు ఒక్కటే సరిపోవు. ఆ బూట్లు కీళ్ల దగ్గర చోటిచ్చి, ముందుకు వెళ్లేసరికి మళ్లీ కోసుగా మూసుకుపోతాయి. చిటికెనవేలు ఒరుసుకునేది అక్కడే. మీకు బూటు ఆకారమే వేరుగా, లోపలి అంచు తిన్నగా, ముందు భాగం గుండ్రంగా ఉండాలి. కీళ్ల దగ్గరే వెడల్పు ఎక్కువై, వేళ్లు కుదురుగా దగ్గరికి ఉంటే మాత్రం అక్షరం మార్చిన మామూలు రన్నింగ్ షూ చాలు. మీ చిటికెనవేలి పుండునీ, చిన్నప్పటి చెప్పులనూ చూస్తే మొదటి రకమేమో అనిపిస్తోంది. గీత గీసి చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అన్నిటికన్నా తేలికైనది, వెడల్పు అక్షరమున్న మామూలు రన్నింగ్ షూ. న్యూ బ్యాలెన్స్, ఏసిక్స్, బ్రూక్స్ కంపెనీలు కొన్ని మోడళ్లను ఆడవాళ్లకు ‘డి’లో, కొన్నిటిని ‘2ఈ’లో చేస్తాయి. షాపు అరల్లో కనిపించడం తక్కువ, అడిగి తెప్పించుకోవాలి, లేదా కంపెనీ సైటులో వెడల్పు ఎంచుకోవాలి. మడమ ఎత్తు మీకు అలవాటైనదే కాబట్టి శరీరం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. ఆగస్టు పరుగుకు ఇది చాలా నమ్మకమైన దారి. ఇందులోనే ఇంకో ఉపాయం మగవాళ్ల బూటు. వెడల్పు, లోపలి లోతు రెండూ ఎక్కువ. చిక్కేమిటంటే మడమ కూడా వెడల్పే, అది జారొచ్చు. పైగా మగవాళ్ల బూట్లు చాలా షాపుల్లో యూకే 6 నుంచే మొదలవుతాయి. మీ పొడవుకు 6 సరిపోయే అవకాశం ఉంది. ఆడ, మగ బూట్లకు యూకే అంకె కొన్ని కంపెనీల్లో ఒకటే, కొన్నిటిలో అర సైజు తేడా. కాబట్టి అంకెను నమ్మకుండా పెట్టె మీది సెంటీమీటర్ల సంఖ్య పోల్చండి. అమెరికా సైజుల్లో అయితే ఆడవాళ్ల అంకె నుంచి ఒకటిన్నర తీసేస్తే మగవాళ్లది వస్తుంది.

రెండో దారి, ముందు భాగం పాదం ఆకారంలో ఉండి, మడమ ఎత్తు లేకుండా, కింద మెత్తదనం ఉన్న బూట్లు. మామూలు రన్నింగ్ షూలో మడమ కింద మందం వేళ్ల కింద కన్నా 8 నుంచి 12 మి.మీ. ఎక్కువ. ఆ తేడానే డ్రాప్ అంటారు. ఈ రకంలో అది సున్నా, సోల్ మొత్తం మందం మాత్రం 20 మి.మీ. పైనే. ఆల్ట్రా కంపెనీకి పేరు తెచ్చినవి ఇవే. రోడ్డుకు టోరిన్, ఎస్కలాంటె, మట్టిదారులకు లోన్ పీక్. టోపో అథ్లెటిక్ కూడా వేళ్లకు చోటిస్తుంది, మడమ దగ్గర కాస్త బిగుతుగా పడుతుంది. మీ మడమ సన్నదైతే దీన్ని ముందు చూడండి. టోపోలో సున్నా డ్రాప్‌తోపాటు 3, 5 మి.మీ. డ్రాప్ మోడళ్లూ ఉన్నాయి, మీలా మారుతున్నవాళ్లకు 5 మి.మీ. తేలిక. ఒక్క జాగ్రత్త: కింద మెత్తగా ఉంది కదా అని సున్నా డ్రాప్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. మడమ కిందికి దిగినకొద్దీ పిక్క, మడమ వెనకి నరం (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి తాడు, అకిలిస్ టెండన్) ఎక్కువ సాగాలి. పాదం ఎముకలకు రక్షణ ఉంటుంది కానీ పిక్కలకు పని పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పాతవీ ఇవీ మార్చి మార్చి వేసుకోవాలి.

మూడోది మీరు ఇప్పటికే కొన్న రకం, సోల్ పది మి.మీ. లోపు. జీరో షూస్, వివోబేర్‌ఫుట్ వంటివి వేళ్ల దగ్గర నిజంగానే విశాలంగా ఉంటాయి. పల్చటి బూటు అన్నంత మాత్రాన వెడల్పు ఉంటుందనుకోకండి. మెరెల్ వేపర్ గ్లవ్ సోల్ బాగా పల్చన, కానీ నడిమిభాగం పాదాన్ని పట్టేస్తుంది. వేలికొక అర ఉండే వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ మీ వేళ్ల పొడవులు దాని అరలకు కుదిరితేనే. చిటికెనవేలు లోపలికి వంగి ఉంటే వేసుకోవడమే కష్టం. ఈ రకంలో వెడల్పు బాధ అసలు లేనిది పట్టీల రన్నింగ్ శాండల్. మెక్సికోలో తారాహుమారా ప్రజలు పాత టైరు ముక్కకు తోలు తాడు కట్టి పరుగెత్తే చెప్పులకు ఇవి కొత్త రూపం. పక్క గోడలే లేవు కాబట్టి ఒరుసుకునేదేమీ లేదు. వేళ్లు అంచు దాటకుండా ఉంటే చాలు. ఇసుక రేణువులు దూరడం, వేళ్ల మధ్య పట్టీ ఒరుపు, వానలో పాదం జారడం దాని కష్టాలు.

మీరు చూసిన వీడియోలు ఈ మూడో రకం గురించి పెద్ద మాటలే చెప్పి ఉంటాయి. అసలు సంగతి ఇది. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఉత్త కాళ్లతో పరుగెత్తే అలవాటున్నవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగంతో దిగుతారని, అప్పుడు మడమతో దిగినప్పుడు తగిలే తొలి దెబ్బ ఉండదని అందులో చూపించారు. దాంతో ఈ బూట్లకు గిరాకీ పెరిగింది. 2013లో వచ్చిన ఇంకో పరిశోధనలో, అనుభవమున్న పరుగుదారులు 10 వారాల్లో వేళ్ల బూట్లకు మారితే, 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. 2014లో వైబ్రమ్ తన ఆరోగ్య ప్రకటనల మీద అమెరికాలో నడిచిన దావాను 37.5 లక్షల డాలర్లతో పరిష్కరించుకుంది. అలాగని ఇవి చెడ్డవని కాదు. పల్చటి బూట్లతో రోజూ నడిచినా పాదం చిన్న కండరాలు బలపడతాయని 2019లో చూపించారు. దెబ్బ ఎక్కడి నుంచి ఎక్కడికి మారుతుందో తెలుసుకుని వాడాలి. మోకాలి మీద భారం తగ్గుతుంది, అది పిక్క మీదికి, మడమ నరం మీదికి, పాదం ఎముకల మీదికి వస్తుంది. కండరం కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, నరానికీ ఎముకకూ నెలలు పడుతుంది. మీరు అయిదు కిలోమీటర్లలో ఆ నెలల పని ఒక్క పొద్దుటే అడిగారు.

మధుమేహం ఉన్నా, పాదాల్లో తిమ్మిరి ఉన్నా మూడో రకం వద్దు. రాయి గుచ్చుకున్నా తెలియని పాదానికి పల్చటి సోల్ ప్రమాదం. మన దారులనూ లెక్కలోకి తీసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు 4 మి.మీ. సోల్‌ను దాటి దిగుతుంది. పల్లేరు కాయలు, గాజుపెంకులున్న గట్ల పక్కన, ఏప్రిల్ మేల్లో ఎండెక్కిన తారు మీద పల్చటివి పనికిరావు. స్టేడియం ట్రాక్, శుభ్రమైన సిమెంటు బాట వాటికి సరైన చోటు.

మీ పరిస్థితికి మాకు తోచింది ఇది. డాక్టరు సరేనన్నాక, పరుగుకు మొదటి దారి గానీ రెండో దారి గానీ పట్టండి. గీత ముందుకు విప్పారి ఉంటే రెండోదే మేలు. ఇప్పటికే కొన్న పల్చటి జతను పారేయకండి, నడకకు వాడండి. ఆగస్టు పరుగును పల్చటి బూట్లతో చేయాలనుకుంటే గడువు చాలదు, మళ్లీ గాయమయ్యే అవకాశమే ఎక్కువ. వాటితోనే పరుగెత్తాలని మనసులో గట్టిగా ఉంటే ఆ పరుగు అయ్యాక, సెప్టెంబరులో మొదలుపెట్టండి.

అప్పుడు ఎలా మొదలుపెట్టాలో కూడా చెబుతాం. ఒంటికాలి మీద 30 సెకన్లు కదలకుండా నిలబడగలగాలి, గోడకు చేయి ఆనించి ఒంటికాలి మడమను 20 సార్లు నొప్పి లేకుండా ఎత్తగలగాలి. ఈ రెండూ రాకముందు పరుగు వద్దు. మొదటి రెండు వారాలు ఇంట్లో, ఆఫీసులో రోజుకో గంట తొడుక్కుంటే చాలు. తర్వాతి రెండు వారాలు 3, 4 కిలోమీటర్ల నడక. అయిదో వారం, వారానికి రెండు రోజులు, స్టేడియంలో ఒక్క చుట్టు, అంటే 400 మీటర్లు, పల్చటివాటితో పరుగెత్తి మిగతా దూరం మీ మామూలు బూట్లతో పూర్తిచేయండి. ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే, పరుగు మొదట్లోనే ఆ చుట్టు వేయండి. బాధ లేకపోతే వారానికో చుట్టు పెంచండి. పదో వారం పెంచకుండా ఆగండి. పన్నెండో వారానికి 2,800 మీటర్లు అవుతుంది, అంతకన్నా తొందరపడొద్దు. రెండు పిక్కలూ సమానంగా నొచ్చి రెండు రోజుల్లో తగ్గితే పరవాలేదు. ఎముక మీద ఒకచోట నొప్పి, పాదం పైన వాపు, పొద్దున్నే మొదటి అడుగుకు మడమ కింద పోటు, మూడో నాలుగో వేళ్ల మధ్య మంట లేదా తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా ఆపేయాలి.

ముందు పాదంతో దిగాలని బలవంతంగా ప్రయత్నించకండి. మడమను పైనే ఉంచి పరుగెత్తడం పిక్కలను పాడుచేస్తుంది, ప్రతి అడుగులో మడమ నేలను తాకాలి. అడుగు చిన్నదైతే మిగతాది చాలావరకు దానంతటదే కుదురుతుంది. కుడి కాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు పడుతోందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 160 వస్తే 168కి పెంచండి, అదే వేగంతో. ఏ బూటు వేసుకున్నా ఇది మోకాళ్లకు మంచిదే.

జత చేతికి వచ్చాక ఏం చూడాలంటే, లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, మడమ దాని మడమకు ఆనించి నిలబడండి. వేళ్ల ముందు 10, 12 మి.మీ. మిగలాలి. పక్కల నుంచి పాదం రెండు మూడు మి.మీ. మించి బయటికి పొర్లితే అది మీది కాదు. మీ పెద్ద పాదం కుడిది, దానికే చూడండి. ఎడమది వదులైతే లేసుతో సర్దుకోవచ్చు. కుడి బొడిపె మీదికి కుట్టు గానీ అతికిన ప్లాస్టిక్ పట్టీ గానీ రాకూడదు, అక్కడ ఉత్త వల గుడ్డ ఉండాలి. సన్నటి సాక్సులతో ఇంట్లో గచ్చు మీద పావుగంట నడవండి. పెట్టె, చీటీ, బిల్లు అప్పటిదాకా దాచిపెడితే వెనక్కి పంపొచ్చు. నూలు సాక్సులు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెప్పిస్తాయి, మందపాటివి వెడల్పునూ తినేస్తాయి.

లేసులతోనూ చాలా సాధించవచ్చు. ముందు భాగం బిగుతైతే వేళ్ల వైపు మొదటి రంధ్రాల జత వదిలేసి రెండోదాని నుంచి కట్టండి. మడమ జారితే చీలమండ దగ్గరి చివరి అదనపు రంధ్రంలోకి లేసును అదే వైపు నుంచి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసును ఆ ఉచ్చులోంచి లాగి కట్టండి. యూకే 7 జత మూలన పడి ఉంటే ఇలా కట్టి నడకకు వాడుకోవచ్చు. యూకే 6 జతకు, ఇక పరుగుకు ఎలాగూ వాడరు కాబట్టి, చిటికెనవేలి పక్కన వల గుడ్డను రెండు సెంటీమీటర్లు నిలువుగా కోస్తే ఒరుపు పోతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు బూట్లు సాగదీయించుకోవచ్చు. ఈ నైలాన్ వల సాగినట్టే సాగి మళ్లీ ముడుచుకుంటుంది, దాని మీద డబ్బు పెట్టకండి.

ఆడపడుచుకు మోడల్ పేరు ఒక్కటే పంపితే చాలదు. మీ రెండు పాదాల గీతల ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీసింది, పొడవు, రెండు వెడల్పుల కొలతలతో పంపండి. ఒకే మోడల్‌లో పక్కపక్క అర సైజులు రెండు తెప్పించుకుని, ఇన్‌సోల్ తీసి పొడవు, వేళ్ల దగ్గర వెడల్పు కొలిచి మీకు చెప్పమనండి. సరిపడనిది అక్కడే వెనక్కి ఇచ్చేస్తారు. ఇక్కడికి వచ్చాక తేడా తెలిస్తే తిరిగి పంపే వీలుండదు, కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది. జూన్‌లో వచ్చే జతతో ఆగస్టు పరుగుకు రెండు నెలలు ఉంటుంది, సున్నా డ్రాప్‌కు అలవాటు పడటానికి ఆ గడువు బొటాబొటిగా సరిపోతుంది. అందుకే ఈలోగా ఇక్కడే ఒక ‘డి’ వెడల్పు జతను చూసి ఉంచుకోవడం మంచిది. పరుగు రోజున ఏది వేసుకోవాలో జులై చివర్లో కాళ్లే చెబుతాయి.

బ్యాంకులో తొమ్మిది గంటలు వేసుకునే చెప్పుల సంగతి మీరు రాయలేదు. ముందు కోసుగా ఉండే బెల్లీస్ అయితే పొద్దుటి గంట పరుగుకు వేళ్లకిచ్చిన చోటును అవి మిగతా రోజంతా తీసేసుకుంటాయి. ఆ బొడిపె పెరగకుండా ఉండాలంటే ముందు తెరిచి ఉన్న, వెనక పట్టీ ఉన్న చెప్పులకు మారండి.

పాపకు ఇప్పుడే కొలవండి. తొమ్మిదేళ్ల పిల్లల పాదం ఇంకా పెరుగుతోంది, మూడు నెలలకోసారి కాగితం మీద నిలబెట్టి గీయాలి. స్కూలు నల్లబూట్లలో ఇన్‌సోల్ బయటికి రాకపోతే, మందపాటి అట్టను పాప పాదం గీత ప్రకారం కత్తిరించి బూటులోకి జొనపండి. అంచులు ముడుచుకుంటే బూటు ఇరుకు. ఆడపిల్లల నమూనా కుదరకపోతే మగపిల్లల వైపున్న లేసుల బూట్లో, వెల్క్రో పట్టీవో చూడండి, అవి సాధారణంగా వెడల్పుగా ఉంటాయి. ముందు 10, 12 మి.మీ. వదలండి. రెండేళ్లు వస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటే మీకు యూకే 7తో వచ్చిన కష్టమే పాపకూ వస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఉత్త కాళ్లతో తిరగనివ్వండి.